ఒకే మాట: ఇంటి వర్తకమును, యంత్రలేఖకుడును

కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఆదిలాబాదు ప్రాంతములయందు స్త్రీలు చేతిపనివలనను వంటపనివలనను నాలుగు రూకలు గడించుట క్రొత్త సంగతి కాదు. బీడీలు చుట్టి బిడ్డలను చదివించిన తల్లులును, సంక్రాంతికి ముందు నెలదినములు సకినాలు చుట్టి యింటి యప్పు తీర్చిన యిల్లాండ్రును మన వీథులలో నెందరో కలరు. క్రొత్త సంగతి యేమనగా, నేడు వస్తువును చక్కగా చేసినంతమాత్రమున పని తీరుట లేదు. దానిని గూర్చి దినదినము నేదో యొకటి వ్రాయవలసి యున్నది. వాట్సాపులో నుదయముననే యొక కబురు, ఇన్‌స్టాగ్రాములో నొక చిత్రము, దానిక్రింద నాలుగు పంక్తులు, పండుగ వచ్చిన శుభాకాంక్షలు, కొనువా రడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తరము. పిండి కలుపు చేతికి వ్రాయు తీరిక యెక్కడిది?

ఆ తీరిక మేమిచ్చెదమని వచ్చినవే కృత్రిమ మేధా యంత్రములు. 2022 నవంబరు చివర ఛాట్‌జీపీటీ లోకమునకు వెల్లడి యయ్యెను. 2024 జూనులో మెటా కంపెనీవారి యంత్రము మన దేశమున వాట్సాపులోనికే వచ్చి కూర్చుండెను. ఫోను చేతనున్న ప్రతి యిల్లాలికిని జీతము లేని గుమాస్తా దొరకినట్లయినది. వీనిని ముట్టవలదని చెప్పుటకు మేమీ వ్యాసము వ్రాయుట లేదు. తెలివితో వాడుకొనువారికి మంచి సాయమే కలుగుచున్నది. కాని యీ గుమాస్తా నే డొక తీరునను రే పొక తీరునను మాటలాడును. మన పేరిట మాటలాడువాడు దినమున కొక గొంతు పెట్టినచో వినువారు మనల నెట్లు గుర్తింతురు? గుర్తింపనివారు మరల నేల కొందురు? విచారింపవలసినది యిదియే.

వర్తకమున కొకే గొంతు, ఒకే గురుతు ఉండవలెనను మాట విదేశములనుండి దిగుమతి యైనదని కొందరు తలంతురు. అది సరికాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టించిరని పెద్దలు చెప్పుదురు. ఆ పసుపుపచ్చని మందు, ఆ చిన్న సీసా, ఆ పేరు: ఇవి తరములు మారినను జనుల కన్నులలో నిలిచిపోయినవి. ఆ లాభముతోనే పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో ప్రారంభించి, 1914లో చెన్నపట్టణమునుండి దినపత్రికగా నడిపించిరి. ఇక స్త్రీలకు మరింత దగ్గరగా తెలిసిన యుదాహరణము డాక్టరు కె. ఎన్. కేసరిగారిది. స్త్రీల ఆరోగ్యమునకై లోధ్ర యను మందును తయారుచేసి యమ్మినవారు వారే; 1928లో గృహలక్ష్మి యను మాసపత్రికను స్త్రీలకొరకు స్థాపించినవారును వారే. మందు నమ్మువాడు పత్రిక నేల నడపవలెనని యెవరైన నడుగవచ్చును. ఇంటనున్న స్త్రీకి నెలనెల నుపయోగపడు మాట నాలుగు పుటలలో చెప్పినవాని మందునందే యామెకు నమ్మిక కలుగునని వారెరిగిరి. 1934 మొదలు రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణము నిచ్చి గౌరవించిరి. మొదటి కంకణమును కనుపర్తి వరలక్ష్మమ్మగారందుకొనిరి. నేడు దొరసానుల భాషలో దేనికో పెద్ద పేరు పెట్టి పాఠములు చెప్పుచున్న విద్య యిదియే కదా!

ఇంకను వెనుకకు పోయినచో మన ధర్మపురియే సాక్షి. గోదావరి యొడ్డున నున్న యా క్షేత్రమున శేషప్పకవి నరసింహ శతకమును చెప్పెను. అందలి పద్యములలో నొకదానియందు వైరాగ్యము, ఒకదానియందు లోకముపై కినుక, మరియొకదానియందు భక్తి. ఒక్కొక్క పద్యపు సరకు వేరు. కాని యే పద్యము చదివినను చివర నదే మకుటము, ధర్మపురి స్వామికి చేసిన యదే సంబోధన. పద్యము వినిన పామరుడు సైత మిది యెవరిదో చెప్పగలడు. మకుటమును ప్రతిదినము మార్చిన కవి శతకమును వ్రాయలేడు. చాటుపద్యములను మాత్రము వ్రాయును. చిన్న వర్తకమునకు గూడ కావలసినది మకుటమే. దానిని నిర్ణయించుకొనక యంత్రమును పిలిచినవారి గతి యెట్లుండునో మేము దగ్గరనుండి చూచిన యొక సంఘపు కథ చెప్పెదము.

కరీంనగరములో పన్నెండుగురు స్త్రీలు కలిసి సకినాలు, సర్వపిండి, మక్కగారెలు, అరిసెలు చేసి యమ్ముచుందురు. వారి సరకులో సగము డల్లాసు, లండను మొదలగు దూరదేశములలోని మన పిల్లలకే పోవును. సకినము మురుకు కాదని యీ ప్రాంతపువారికి చెప్పనక్కరలేదు. తక్కినవారికొరకు చెప్పుచున్నాము: బియ్యము నానబెట్టి, తడి యారకమునుపే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు చేర్చి, ఆ పిండిని వ్రేళ్ల సందున మెలిపెట్టుచు గుడ్డపై చుట్టు వెంబడి చుట్టుగా పోయవలెను. గొట్టము లేదు, అచ్చు లేదు. ఆ చుట్టు కొంచె మారినపిదప నూనెలో వేయుదురు. ఒక్కొక్క చేతి చుట్టు ఒక్కొక్క విధముగా నుండును. అందువలననే మా యత్త చేతి సకినము, మా పెద్దమ్మ చేతి సకినము అని చెప్పుకొందురు.

సంఘములో చదువుకొన్న యొక కోడలు ఫోనులో నొక యంత్రము నడిగి దినమునకొక ప్రకటన వ్రాయించుచుండెను. సోమవారమున నది "ప్రియమైన వినియోగదారులారా" యని రాజశాసనమువలె మొదలుపెట్టెను. బుధవారమున "హాయ్ ఫ్రెండ్స్" అని కళాశాల కుర్రవానివలె పలుకరించెను. శుక్రవారమున స్వర్గములోని రుచులను నేలకు దింపితిమని వ్రాసెను. సకినాలు చిత్రింపుమనగా అచ్చులో వత్తిన జంతికలను గీచెను. మక్కలను మొక్కజొన్న యనియు, పల్లీలను వేరుశనగ యనియు, కుడుకను ఎండుకొబ్బరి యనియు మార్చివైచెను. అవి తప్పు తెలుగు కాదు. కాని యా పలుకు మన యింటి పలుకు కాదు. డల్లాసులోని పిల్లవాడు సకినాలకై డాలర్లు వెచ్చించునది పిండికొరకేనా? తన నాయనమ్మ గొంతు వినబడుటకొరకు గూడ. ఆ గొంతు పోయినపిదప ఈ సంఘమునకును నాలుగు వీథుల యవతలి పెద్ద దుకాణమునకును భేదమేమి?

ఇంతవరకు నష్టము పేరునకే. సంక్రాంతి ముందు వచ్చినది చేతి నష్టము. పండుగ ప్రకటన వ్రాయుమనగా యంత్రము తనంతట తానే "దేశములో నెక్కడికైనను ఉచితముగా పంపుదుము" అని యొక పంక్తి చేర్చెను. అట్టి మాట సంఘములో నెవరును అనలేదు. పని తొందరలో నెవరును సరిగా చదువలేదు. ఆ పంక్తిని నమ్మి హైదరాబాదు, పూనా, బెంగుళూరులనుండి యిరువదిమందికి పైగా సరకు కోరిరి. ఇచ్చిన మాట తప్పరాదని పెద్దామె పట్టుపట్టెను. పార్సిలు ఖర్చులు పోగా ఆ పండుగకు పన్నెండుగురికిని మిగిలినది చీరకు గూడ చాలలేదు. ఒకామె కుమారుని పరీక్షరుసుమునకు దాచుకొన్న సొమ్ము నందులో పెట్టియుండెను.

యంత్ర మేల అట్లు వ్రాసెను? మోసబుద్ధిచేత కాదు. ఇవి లోకములోని వ్రాతలను అపారముగా చదివి, ఒక మాట తరువాత నే మాట వచ్చుట వాడుకయో దానిని లెక్కగట్టి వ్రాయును. పండుగ ప్రకటనలలో "ఉచితముగా పంపుదుము" అను మాట తరచుగా వచ్చును గనుక ఇందును వచ్చినది. నిజమా, అబద్ధమా యని తర్కించునది కాదు. వినసొంపుగా నుండునా యని చూచునది. మరియు నది ఇంగ్లీషు చదివినంతగా తెలుగు చదువలేదు. తెలుగులోను కరీంనగరపు పలుకుబడి చదివినది మరింత స్వల్పము. ఈ కొరత తీర్చుటకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు విద్యార్థుల సాయముతో పల్లెకథలను సేకరించి తెలుగు నమూనాలను తయారుచేయ పూనుకొనిరి. కేంద్రప్రభుత్వమువారు 2022లో భాషిణి యను పేర దేశభాషలకొరకు పని మొదలిడిరి. అవి పండునంతవరకు మన యింటి పలుకును మనమే దానికి నేర్పవలసి యుండును. అడిగిన ప్రతిసారియు క్రొత్తవానివలె మొదలుపెట్టుట గూడ దానికి సహజము. వెనుకటి మాటలను గుర్తుంచుకొను సదుపాయము కొన్నింటిలో కలదు గాని, ఏది గుర్తుంచుకొన్నదో యేది విడిచినదో మనకు పూర్తిగా తెలియకపోవచ్చును. కావున దాని జ్ఞాపకముపై నాధారపడరాదు. మన జ్ఞాపకమును కాగితముపై పెట్టవలెను.

ఆ సంఘమువారు పండుగ దాటినపిదప చేసిన పని యిదియే. ఒక సాయంకాలము అందరును కూర్చుండి యొక పత్రమును వ్రాసిరి. పెద్దామెకు వ్రాత రాదు. ఆమె నోటితో చెప్పుచుండ ఫోనే వ్రాసికొనెను, కోడలు దిద్దెను. అందులో నేమున్నదనగా: మేమెవరము, ఎందరము, ఏ యూరు. ఏమేమి చేయుదుము, ఏమేమి చేయము. బియ్యము నానబెట్టిన పిండి యదే దినమున వాడుదుము. పల్లినూనె తప్ప వేరు నూనె వాడము. రంగు కలుపము. వెల యింత, పంపుటకు ఖర్చు వేరు. కోరిన మూడవనాడు పంపుదుము. మా పలుకు మా యూరి పలుకు. మక్కలు, పల్లీలు, కుడుక, ఇయ్యాల, రేపటికి. కొనువారిని అక్కా, అన్నా, బిడ్డా యని పిలుచుదుము. మూడు పంక్తులకు మించి వ్రాయము.

పిదప, చెప్పరాని మాటలు. ఇది మాకు మిక్కిలి నచ్చిన భాగము. స్వర్గము, అమృతము, ప్రపంచములో మొదటిది, ఆఖరి యవకాశము, త్వరపడుడు: ఈ మాటలు రారాదు. రోగములు నయమగునని యనరాదు. మేము చెప్పని తగ్గింపుగాని, ఉచితముగాని, వాగ్దానముగాని చేర్చరాదు. తెలియనిచోట ఖాళీ విడిచి మమ్ము నడుగవలెను. "అమ్మచేతి వంట" యను మాటను గూడ పెద్దామె కొట్టివేయించెను. నగరములలో యంత్రముపై చేసి డబ్బాలకెత్తిన ప్రతి పొట్లముపైన నా మాటయే యున్నప్పుడు నిజముగా అమ్మ చేతితో చేసినవారి కది యేమి పనికివచ్చునని యామె వాదము. మే మామె పక్షమే.

చివర మూడు మాదిరి కబురులను తామే వ్రాసి చేర్చిరి. యంత్రమునకు పది సూత్రములకంటె మూడు మాదిరులే యెక్కువ బోధపడును. పిల్లలకును అంతే గదా. అందులో నొకటి యిది: "రేపు మంగళారం సకినాలు చేస్తున్నం. నువ్వులు, వాము, పల్లినూనె. కిలో కావాలంటే ఇయ్యాల పొద్దుమీకే లోపట చెప్పుండ్రి." వ్యాకరణము నేర్చినవారు దీనిని చూచి మొగము చిట్లింపవచ్చును. ఇంటిలో కావ్యములు చదివి పెరిగిన మాకు గూడ మొదట నట్లే తోచినది. కాని పదునొకండవ శతాబ్దమున కాశ్మీరములో క్షేమేంద్రుడు ఔచిత్యమునకే యొక గ్రంథమును కేటాయించెను. ఎక్కడ నే నగ యుండవలెనో అక్కడ నుండుటయే యందమని యాతని సిద్ధాంతపు సారము. సకినాల కబురునకు ప్రబంధశైలి పెట్టుట మెడలో నందెలు వ్రేలవేసికొనుటయే.

ఇప్పుడు వారు యంత్రము నడుగునప్పు డెల్ల ఆ పత్రమును మొదట నిచ్చి, పిదప పని చెప్పుదురు. కొన్ని యంత్రములలో స్థిరమైన సూచనలను ఒకసారి వ్రాసిపెట్టుకొను స్థలము కలదు. అచ్చట నుంచినచో ప్రతిసారియు నతికింపనక్కరలేదు. మరియొక యుపాయము: దినదినము నొక్కొక్కటి వ్రాయించుటకంటె నెలకు సరిపడు కబురులను ఒక్క కూర్చున్నపుడే వ్రాయించి, బిగ్గరగా చదివి, గొంతు కుదరనివానిని తీసివేయుట. బిగ్గరగా చదువుటయే పరీక్ష. కంటికి నచ్చిన కపటపు మాట చెవికి వెంటనే పట్టుబడును. ముప్పదింటిలో పది పనికివచ్చిన చాలును. నెలకు ముప్పది కబురు లెందులకు? మనము మంచి సకినాలు చేసిన దినముననే చెప్పినచో వినువారికి విసుగు పుట్టదు.

పండుగల విషయమున మాత్రము యంత్రమును నమ్మరాదు, పంచాంగమును చూడవలెను. ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్యనాడు మొదలై సద్దుల బతుకమ్మ అష్టమినాడు ముగియును; యంత్రము దీనిని నవరాత్రులలో కలిపివేయుట మేము చూచితిమి. ఆదిలాబాదు వైపువారు పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూరులో నాగోబా జాతర జరుపుకొందురని దానికి చెప్పవలసినది మనమే. తిథి తప్పిన శుభాకాంక్షలు పంపిన వర్తకుడు పరాయివాడని కొనువారు తలంతురు.

మాటల సంగతి యట్లుండ, చిత్రముల సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసినది. నిర్మల్ బొమ్మలు పొనికి చెక్కతో చేయుదురు. అది తేలికైనది, మెత్తనిది. నకాషీ పనివాండ్రు దానిని చెక్కి, చింతగింజల జిగురుతో నునుపు చేసి, పైని రంగులు వేయుదురు. పండ్లు, పక్షులు, జంతువులు సజీవముగా నున్నవనిపించుట యా రంగులలోని నేర్పు. యంత్రమును "నిర్మల్ బొమ్మ గీయుము" అన్నచో గాజువలె మెరయు నొక వింతబొమ్మను గీచిపెట్టును. దానిని చూచి కోరినవారికి నే బొమ్మ నీయగలము? పొనికి చెక్క కట్టి మెరుపు మెరయదు. వచ్చిన బొమ్మను చూచి కొనువాడు మోసపోతినని తలంచును. నిజమైన బొమ్మయే నకిలీవలె కనబడును. దీనికంటె నన్యాయ మేమున్నది? తరతరముల పనివాని నేర్పు ఒక క్షణపు చిత్రముముందు వెలవెలపోవుట!

కరీంనగరపు వెండితీగ నగిషీ పనికిని అంతే. సన్నని వెండితీగను మెలిపెట్టి, అణచి, లతలుగా వంచి, చట్రములో నమర్చి యతికింతురు. అత్తరుదానులు, పాన్‌దానులు, తట్టలు దీనితో చేయుదురు. ఎలగందులలో వర్ధిల్లిన యీ విద్యకు 2007లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. ఒడిస్సాలోని కటకమునందును తారకసి యను పేర వెండితీగపని కలదు. దానికిని ప్రత్యేకముగా గుర్తింపు వచ్చినది. యంత్ర మీ రెంటిని కలిపి వ్రాయును, ఒకదాని చరిత్ర నొకదానికి తగిలించును. ఆదిలాబాదు వోజులు చేయు డోక్రా పనికి 2018లో గుర్తింపు వచ్చినది. మట్టి దిమ్మెపై తేనెమైనపు తీగలతో రూపు చుట్టి, పైని మట్టి పూసి కాల్చి, మైనము కరిగిపోయిన త్రోవలో కరగిన లోహమును పోయుట యా విద్య. అచ్చు పగులగొట్టిననే గాని వస్తువు బయటికి రాదు గనుక ఏ రెండును ఒక్కతీరున నుండవు. "ఒక్కతీరు" నే కోరు యంత్రచిత్ర మిట్టి పనికి మాదిరి యెట్లగును? భౌగోళిక సూచికల చట్టము 1999లో చేయబడినది. ఆ పేరును దానికి చెందని వస్తువునకు తగిలించుట ఆ చట్టము క్రింద నేరము. యంత్రము గీచిన బొమ్మక్రింద నిర్మల్ అని వ్రాయువారు ఒకమారు ఆలోచింపవలెను.

కావున వస్తువు చిత్రము నెప్పుడును వస్తువునుండియే తీయవలెను. మే మెరిగిన సంఘమువారు కిటికీప్రక్క నొకచోటు నిర్ణయించుకొనిరి. నీలపు గుడ్డ, ఇత్తడి తాంబాళము, ఉదయపు వెలుతురు. ఏ వంటకమైనను అచ్చటనే పెట్టి ఫోనుతో చిత్రము తీయుదురు. రెండు నెలలు గడచునప్పటికి ఆ నీలపు గుడ్డ కనబడగానే యిది వారిదేయని కొనువారు గుర్తుపట్టసాగిరి. ఖర్చు గజము గుడ్డ. యంత్రముచేత అక్షరముల కూర్పు, అంచుల దిద్దుట, ఇంగ్లీషు అనువాదము చేయించుకొనవచ్చును. అందులో దోషము లేదు, చాల వేళ మిగులును. తినబోవు వస్తువును మాత్రము దానిచేత గీయింపరాదు.

తినుబండములను గూర్చిన యాశాపూర్వకమైన మాటలు మరియొక చిక్కు. ఆదిలాబాదు జిల్లాలో ఆదివాసి స్త్రీలు ఇప్పపూవుతో లడ్డూలు మొదలగునవి చేయుచున్నారు. 2025 మార్చిలో ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగములో వీరిని ప్రస్తావించినపిదప ఇతరులును ఆ త్రోవ పట్టుచున్నారు. మంచిదే. కాని యిప్పలడ్డూకొక ప్రకటన వ్రాయుమని యంత్రము నడిగి చూడుడు: మధుమేహము తగ్గును, రక్తపుపోటు దిగునని యేకరువు పెట్టుటకు సంకోచింపదు. 1954నాటి మందుల, మాయచికిత్సల ప్రకటనల చట్టము ఈ రోగములను నయము చేయుదుమని ప్రకటించుటను నిషేధించినది. తినుబండములు రోగమును మాన్పునని చెప్పరాదని ఆహారభద్రతా సంస్థవారి 2018 నాటి నిబంధనలును శాసించుచున్నవి. శిక్ష పడునది యంత్రమునకు కాదు. పొట్లముపై నున్న పేరుగల యాడుపడుచునకు. ఇప్పపూవు తీపిగా నుండును, కమ్మగా నుండును, అడవిలో స్త్రీలు తెల్లవారుజామున లేచి యేరి తెచ్చిన పూవు: చెప్పుటకు నిజము లేక కదా అబద్ధమునకు పోవలెను! పొట్లముపై తూకము, వెల, తయారైన తేది, ఆహారభద్రతా సంస్థ యిచ్చిన 14 అంకెల సంఖ్య యుండవలెను. ఆ యంకెలను గూడ యంత్రము తనకు తోచినట్లు వ్రాయగలదు. కావున వానిని చేతితోనే చేర్చి, చేతితోనే సరిచూచుకొనుట మేలు.

కొనువారి పేర్లు, ఫోనుసంఖ్యలు, చిరునామాలు యంత్రములో పోయరాదు. ఒకరి యింటి సంగతి మనకు నమ్మకముతో చెప్పినది. అది యే దేశములోని యే కొట్టులో దాచబడునో యెవరికి తెలియును? ఇతరుల వివరములను కాపాడవలెనని 2023లో మన దేశమున చట్టము గూడ వచ్చినది.

ఫిర్యాదులకు ప్రత్యుత్తరము సైతము దానిచేత వ్రాయింపరాదని మా యభిప్రాయము. సకినాలు దారిలో విరిగి నుగ్గయి చేరినవని యెవరైన వ్రాసినచో యంత్రము పదిమారులు క్షమాపణ చెప్పును, మీ యనుభవము మాకమూల్యమనును, సకినాలు మాత్రము పంపదు. పెద్దామె ఫోనెత్తి "బిడ్డా, మల్లా పంపుత, నువ్వు రంది పడకు" అన్న నాలుగు మాటల విలువ యెన్ని ప్రకటనలకు వచ్చును? అటు తరువాత విరిగిన పొట్లపు బదులుగా పంపిన డబ్బాలో అడుగున పేలాలు పరచి పంపుట మొదలుపెట్టిరి. ఆ యుపాయము చెప్పినది కొన్నామెయే.

తోబుట్టువులలో కొంద రడుగవచ్చును: ఇంత పత్రము, ఇంత పరీక్ష, ఇంత దిద్దుబాటు చేయవలసినచో యంత్రమువలన లాభమేమి, మనమే వ్రాసికొనరాదా యని. వ్రాసికొనగలవారు నిశ్చయముగా వ్రాసికొనవచ్చును. కాని మొదటి పత్రమునకు పట్టినది ఒక్క సాయంకాలము. అటుపిమ్మట నెలకు రెండు గంటలు. పూర్వ మా కోడలు ప్రతి రాత్రియు గంటసేపు ఫోనుతో కుస్తీపట్టి, ఉదయమున కండ్లు మండుచుండగా పిండి కలుపుచుండెను. అంతేకాక పత్రము వ్రాయుటలో వారికి తమ వర్తకమే తమకు తెలిసివచ్చినది. ఇద్దరు పల్లినూనె యనియు, ఇద్దరు మరొక నూనె కలుపుచున్నామనియు ఆ సాయంకాలముననే బయటపడెను! మాట యొకటి కాకముందు వంట యొకటి కావలసి వచ్చినది. ఏ యంత్రమును ఆ సంగతిని కనిపెట్టి చెప్పియుండదు.

హైదరాబాదులో స్త్రీల వర్తకములకు తోడ్పడుటకై రాష్ట్రప్రభుత్వమువారు 2018లో వీ హబ్ అను సంస్థను నెలకొల్పిరి. ఇటువంటి చోట్ల యంత్రములను నేర్పునప్పుడు, ఏ బటను నొక్కవలెనో చెప్పుటకు ముందు, మీ పత్రమేదియని యడిగినచో బాగుండునని మాకు తోచుచున్నది.

ఆ సంఘమువారి పత్రము పిండిగిర్ని కాలెండరు ప్రక్కను మేకునకు వ్రేలాడుచున్నది. దాని నకలు కోడలి ఫోనులో నున్నది. ఏటేట ఉగాదినాడు పన్నెండుగురును కూర్చుండి యొకమారు చదువుకొందురు. మొన్నటి యుగాదికి కిలో వెల మార్చిరి, జొన్న సకినాలను చేర్చిరి, విదేశములకు పంపు పార్సిలు ఖర్చు వేరుగా వ్రాసిరి. "అమ్మచేతి వంట" యను మాటను తిరిగి చేర్చుదమా యని ఒకామె యడిగెను. పెద్దామె వలదనెను. తక్కినదంతయు నట్లే యుంచిరి.